చక్కెర పంచిన మర్నాడు

"ముట్టకు! ఆ చాట ముట్టకు అంటున్ననా!"

నర్సమ్మ కోడలి ఒడిలోంచి బీడీల చాట లాక్కుంది. ఆ ఊపుకు బీడీల్లో నింపే తంబాకు కొంచెం ప్రియాంక డ్రెస్ మీద రాలింది. దాన్ని కూడా అత్తే వంగి దులిపింది.

"కడుపుతోని ఉన్నోళ్లకు ఈ వాసన పడదు. నిన్న జూడలె, ఎట్ల కక్కినవో?"

"డాక్టర్ జూడకముందుకే ఎందుకత్తమ్మా..."

"డాక్టర్ జూసేదేంది? నేను ముగ్గుర్ని కన్న. లేవంగనే వాంతులు, తల తిరుగుడు, అన్నం జూస్తె మొఖం తిప్పుకునుడు. ఇంకేం గావాలె?"

నిన్నటి సాయంత్రం వెనక్కి రావాలి, ప్రియాంకకు కావలసింది అంతే. నల్లా దగ్గర వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి తలెత్తేసరికే నర్సమ్మ కోడలి కడుపు పండిందని చక్కెర డబ్బా పట్టుకుని గడప దాటేసింది. వాడాలో ఏ ఇంటినీ వదల్లేదు. ఎవరి చేతిలోనూ పెట్టలేదు, అందరి నోట్లోనే పోసింది. ఆపడానికి ప్రియాంక లేచింది కాని, కళ్ల ముందు మెరుపులు ఇంకా తగ్గలేదు. గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. అది చూసి నర్సమ్మకు ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది.

ఎదురింటి పద్మ తన చాట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. చేతులు వాటంతట అవే ఆకు చుడుతున్నాయి. కళ్లు మాత్రం ప్రియాంక మీదే.

"ఈసారి కొడుకేనక్కా. ఆడపిల్లయితె తల్లి మొఖం నిగనిగలాడ్తది. ఇది జూడు, ఎట్ల పీక్కపోయిందో. నక్కీ, పక్కా కొడుకే."

"నీ నోట్ల చక్కెర వొయ్య!"

"నిన్ననే పోసినవ్ గదక్కా. ఇంక పోస్తె నాకు షుగర్ వస్తది."

ఇద్దరూ నవ్వారు. వాళ్ల నవ్వు చూసి మూడేళ్ల శ్రుతి కూడా నవ్వింది. చాట లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్రియాంక కూతురి జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

"జెల్ది రెండు మెతుకులు తిను," అంది నర్సమ్మ. "కొంతం చౌక్ డాక్టరమ్మ ఒంటిగంట దాంక ఉంటది. సుశీలకు ఫోన్ జేసి నంబర్ పెట్టిచ్చిన."

ప్రియాంక వేళ్లు జడలో ఆగిపోయాయి.

సుశీల ఆ దవాఖానాలో నర్సు. నర్సమ్మకు చిన్నాయన కూతురు. అక్కడికి వెళ్లిన ఆడవాళ్లు తిరిగి ఇంటికి చేరేలోపే వాళ్ల సంగతి మరాఠీ ఊరిలో తెలుగువాళ్లుండే ఈ భవాని పేట్‌కు చేరుతుంది. ప్రియాంక ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడింది కూడా అందుకే.

ఇప్పుడక్కడ పరీక్ష చేస్తే కడుపు లేదని తేలుతుంది. మరి వాంతులెందుకు అంటుంది డాక్టరమ్మ. ఏం మందులు వాడుతున్నావమ్మా అని అడుగుతుంది. పక్కన సుశీల ఉంటుంది. ఆమె పక్కన అత్త ఉంటుంది.

"శ్రుతి ఫ్రాక్ ఆరిందో లేదో చూసొస్త," అని ప్రియాంక మేడ ఎక్కింది.

* * *

మేడ మీద తడి టవళ్లు వరసగా వేలాడుతున్నాయి. వాటి మధ్య నిలబడి ప్రియాంక ఫోన్ తీసింది. పొద్దున తను పంపిన మాటల కింద జవాబు వచ్చి ఉంది. డాక్టర్ గారు ఈ మధ్యాహ్నంలోపు ఫోన్ చేస్తారు. దయచేసి బీపీ చూపించుకుని సిద్ధంగా ఉండండి.

బీపీ. మొదటిసారి కూడా అదే అడిగారు.

ఆ రోజు కూడా ఈ టవళ్ల మధ్యే నిలబడింది. తెర మీద పుణె డాక్టరు, వయసులో తనకంటే మరీ పెద్దదేం కాదు. మర్యాదగా మరాఠీలో మాట్లాడింది. ఈ పేట్‌లో ఏ డాక్టరూ తనను 'మీరు' అన్న గుర్తు లేదు ప్రియాంకకు. ఆ ఒక్క మాటకే సగం భయం పోయింది. ప్రశ్నలు మాత్రం బస్సు కిటికీలోంచి ఊళ్లు దాటిపోయినట్టు దాటిపోయాయి. పొగ తాగుతారా, పొగాకు ఏ రూపంలోనైనా వాడతారా అంటే లేదంది. ఆ మాట నిజమనే అనుకుని చెప్పింది.

తల సగం నొప్పి పుడుతుందా, దానికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయా అని అడిగారు.

దానికీ లేదనే చెప్పింది. అది నిజం కాదని అప్పుడే తెలుసు. పదో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆ నొప్పి ఉంది. కాని ఉందంటే పిల్లలు కాకుండా వాడే గోలీలు ఇవ్వరేమో. ఇవ్వకపోతే ఇంకెక్కడికి వెళ్లాలి? బీపీ చూపించుకుని చెప్పమన్నారు. చెప్పకపోయినా పార్సిల్ వచ్చేసింది. ముఖానికి రాసుకునే క్రీమ్ అని అత్తకు చెప్పింది.

మొదట్లో బాగానే ఉంది. ఈ నెలలోనే మెరుపులు పెరిగాయి. మగ్గం మీద పోగులు చిక్కుపడినట్టు కళ్ల ముందు వంకర గీతలు వణుకుతాయి. ఆ తరువాత తలలో ఒక పక్క సమ్మెట దెబ్బలు. ఆ తరువాత వాంతి.

తనకేమైనా అయితే శ్రుతికి జడ ఎవరు వేస్తారు అన్న ఆలోచన నిన్న రాత్రి నుంచి వదలడం లేదు. గోలీలు ఆపేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. పోయినేడు అయిదో నెలలో కడుపు పోయింది. రక్తం ఎక్కించారు. మళ్లీ వెంటనే వద్దు, ఒంటికి విశ్రాంతి ఇవ్వమని పెద్ద దవాఖానాలో మొగుడు వినాయక్‌కే చెప్పారు. ఆ రోజు రిక్షాలో ఆమె తల తన భుజం మీద పెట్టుకుని, "రెండేండ్ల దాంక మాటే లేదు. నేనున్న," అన్నది అతనే. ఈ ఫోన్ డాక్టర్ సంగతి తోటి పనివాడి దగ్గర విని వచ్చి చెప్పింది అతనే. తన ఫోన్లోంచి పైసలు కొట్టిందీ అతనే.

నిన్న తల్లి కొడుకు నోట్లో కూడా చక్కెర పోసింది. అతను మింగేశాడు.

* * *

కింద మగ్గాల గదిలో నాలుగు సాంచాలు, కరెంటు మగ్గాలు, ఒకేసారి మొత్తుకుంటున్నాయి. అద్దకం వాసన, నూనె వాసన, గాలిలో దూది. వినాయక్ వంగి తెగిన పోగు ముడేస్తున్నాడు.

ఈ ఇంట్లో రహస్యం మాట్లాడాలంటే ఇదొక్కటే చోటు. పెళ్లయిన కొత్తలోనే ప్రియాంక నేర్చుకుంది. పైన గదుల మధ్య ఉన్నవి రేకు గోడలు, గుసగుస కూడా అవతలికి వెళుతుంది. ఇక్కడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా పక్క మగ్గం దాకా కూడా వినపడదు. ఈ పేట్‌లో మొగుడూ పెళ్లాల కొట్లాటలన్నీ సాంచాల దగ్గరే జరుగుతాయి.

చాయ్ గ్లాసు చేతికిచ్చి, అతని చెవి దగ్గరికి వంగింది.

"అత్తమ్మ దవాఖానకు తోల్కపోతనంటున్నది. ఇప్పుడే."

అతను తల ఊపాడు.

"తల ఊపుడు గాదు. ఏం జెయ్యాలె?"

వినాయక్ చాయ్ తాగాడు. గ్లాసు కిటికీలో పెట్టాడు. అప్పటికి ఏదో తేల్చుకున్నట్టు ఆమె వైపు తిరిగాడు.

"ఇయ్యాల తలనొప్పున్నదని పండుకో. రేపటెల్లుండి..."

"రేపటెల్లుండి?"

"పోయిందని జెప్దాం."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఏం పోయింది?"

"కడుపు. పోయినేడు పోయినట్టె. అమ్మ రెండ్రోజులు ఏడుస్తది. తర్వాత ఎవ్వరేమనరు. నిన్నేమనరు, నన్నేమనరు."

ప్రియాంక అతని ముఖంలోకి చూసింది. ముఖం మంచిదే. పోగు ముడేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో అంత జాగ్రత్తగా ఈ మాట ముడేశాడు.

"నిజంగ పోయిన్నాడు ఏడ్చిన," అంది. "అబద్ధానికి ఏడ్వ."

"మరి ఏం జేద్దాం? వాడా మొత్తం చక్కెర పంచింది! ఇప్పుడు లేదంటె అమ్మ ఇజ్జత్ ఏం గావాలె?"

"అత్తమ్మ ఇజ్జత్ ఉన్నది, నీ ఇజ్జత్ ఉన్నది. నా కండ్ల ముంగట మెరుపులొస్తున్నయ్, దానిదేంది?"

"ఏంది?"

"మెరుపులు!"

"గట్టిగ జెప్పు, వినొస్తలేదు!"

"డాక్టర్ ఫోన్ జేస్తది ఇప్పుడు! బీపీ చూపిచ్చుకోవాలె! అమ్మకు నువ్వే జెప్పు, ఇద్దరం అనుకున్నమని జెప్పు!"

"నేనెట్ల జెప్త ప్రియాంకా! మగోన్ని నేనెట్ల జెప్త అమ్మకు గిసొంటి మాట!"

"గోలీల సంగతి తెచ్చింది నువ్వు! పైసలు కొట్టింది నువ్వు! అడ్రస్ రాసింది నువ్వు!" అతని చెవి దగ్గర గొంతు చించుకుని అరుస్తోంది. "మింగుడు మాత్రం నాదా? చెప్పు పోయి! నా పెండ్లాం..."

కరెంటు పోయింది.

"...పిల్లలు కాకుండ గోలీలు మింగుతున్నదని చెప్పు!"

నాలుగు సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. పక్కింటివి ఆగాయి. వీధి చివరిదాకా అన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె మాట, గిన్నె జారి బండ మీద పడ్డట్టు, వాడా అంతా మోగింది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కాని, అప్పటికే బయట పద్మ చేతిలో బీడీ ఆకు కోస్తున్న కత్తెర ఆగింది. కత్తెర ఆగడం కూడా లోపలికి వినిపించింది.

* * *

నర్సమ్మ మగ్గాల గది గుమ్మంలోకి వచ్చింది. వీధి వైపు తలుపు మూసి గడియ పెట్టింది. అప్పుడు గాని నోరు తెరవలేదు.

"ఏమన్నవు?"

ప్రియాంక వినాయక్ వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్న. ఏం మింగుతున్నవు?"

"గోలీలత్తమ్మా. పిల్లలు గాకుండ."

"ఎప్పటిసంది?"

"రెండు మూడు నెలలసంది. ఫోన్ల డాక్టర్ రాసిచ్చింది. ఆ క్రీమ్ పార్సిల్..."

"ఫోన్ల డాక్టరా!" నర్సమ్మ నవ్వు లాంటిది నవ్వింది. "చెయ్యి పట్టుకొని నాడి జూడనోళ్లు గోలీలిచ్చిన్రు, నువ్వు మింగినవు. నిన్న ఒక్క మాట జెప్తె ఏంది? ఇంటింటికి తిరిగి చక్కెర పోస్తున్న, అత్తా ఆగు అంటె ఏంది?"

"మీరు ఆగలె."

"నేనాగలె! తప్పు నాదేనా? ఇగ అందరు ఏమంటరు? నర్సమ్మకు మతి పోయిందంటరు. కోడలు గొడ్డు గోలీలు మింగుతుంటె అత్త చక్కెర పంచిందంటరు!"

గొంతు లేవబోయింది. తలుపు వైపు చూసి మళ్లీ దించింది. ఆ దించిన గొంతే ఎక్కువ గుచ్చుకుంది.

"పోయినేడు దవాఖానల నీ పక్కన ఎవరు పండుకున్నరే? నీ తల్లా? నేను పండుకున్న కింద బండ మీద. నీ బట్టలు నేను పిండిన. నాకు జెప్పొద్దా?"

అది నిజం.

నర్సమ్మ కొడుకు వైపు తిరిగింది. వినాయక్ మగ్గం మీదికి వంగి, ఆగిపోయిన నాడెలోంచి కండె తీసి చూస్తున్నాడు. ఆ కండెలో దారం నిండుగానే ఉంది.

"నీకెరికెనారా?"

ప్రియాంకకు ఇప్పుడు ఒక్క మాట చాలు. పెద్ద మాట కూడా అక్కర్లేదు. 'ఎరికె' అంటే చాలు.

"చెప్పింది," అన్నాడు వినాయక్ కండె మీదనుంచి చూపు ఎత్తకుండా. "నేను వద్దనే అన్న."

కళ్ల ముందు మెరుపు వచ్చినప్పుడు కూడా ప్రియాంకకు ఇంత చీకటి కాలేదు. అతని వైపు అడుగు వేయబోయింది. చేతిలో ఫోన్ మోగింది.

ముగ్గురూ ఫోన్ వైపు చూశారు.

"గామెనేనా?" అంది నర్సమ్మ.

"ఆఁ."

"ఎత్తు. నా ముంగట మాట్లాడు."

తెర మీద అదే డాక్టరు. వెనకాల తెల్లటి గోడ. "ప్రియాంక గారూ, నమస్కారం," అంది మరాఠీలో. "ముందుగా ఒక మాట. మీరిప్పుడు ఒక్కరే ఉన్నారా? స్వేచ్ఛగా మాట్లాడొచ్చా? లేకపోతే మరోసారి చేస్తాను, ఫరవాలేదు."

ప్రియాంక అత్తను చూసింది. మొగుణ్ని చూసింది.

"ఒక్కదాన్నే లేను డాక్టర్," అంది. "అయినా మాట్లాడండి. మళ్లీ అంటే నాకు అవ్వదు."

ఈసారి ప్రశ్నలు నెమ్మదిగా వచ్చాయి. నొప్పి ఎటువైపు? మెరుపులు ఎంతసేపు? మునుపు కూడా వచ్చేవా?

"వచ్చేవి. అప్పుడు లేవని చెప్పాను."

డాక్టరు ఏదో రాసుకుంది. తిట్టలేదు. "పొగాకు ఏమైనా?"

"లేదు."

"మిశ్రీ," అంది నర్సమ్మ.

డాక్టరుకు వినపడింది. "ఎవరు? ఏమంటున్నారు?"

"మా అత్తగారు. మిశ్రీ అంటున్నారు. పొద్దున పళ్లకు రుద్దుకునేది. మా ఇళ్లల్లో ఆడవాళ్లందరూ..." చెబుతూ చెబుతూనే ప్రియాంకకు తట్టింది. పెనం మీద మాడ్చి పొడి చేసేది బీడీల చాటలో మిగిలిన తంబాకే. రోజూ తన చేత్తోనే మాడుస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తే వేలితో తీసి ఇచ్చింది. అది పళ్లపొడి. దాన్ని పొగాకు అని ఏనాడూ అనుకోలేదు.

"మిశ్రీ కూడా పొగాకేనమ్మా. అది మానాలి," అంది డాక్టరు. "అంతకంటే ముఖ్యమైనది వినండి. అలాంటి మెరుపులు వచ్చేవాళ్లకు ఈ మాత్రలు పనికిరావు. మెదడుకు రక్తం అందకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ రోజు నుంచే ఆపేయండి. బీపీ చూడకుండా నేను రాయడం కూడా సరికాదు, అది నా పొరపాటు. ఇప్పుడే వెళ్లి చూపించుకోండి. ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా ఎవరి కోసమూ ఆగకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. మీకు పనికొచ్చే పద్ధతులు వేరే ఉన్నాయి. బీపీ తెలిశాక మాట్లాడదాం. అందాకా మీ భర్త జాగ్రత్త పడాలి. ఆయనకు తెలుసు కదా?"

"మళ్లీ చేస్తాను డాక్టర్," అని ప్రియాంక పెట్టేసింది.

మెదడు అన్న మాట నర్సమ్మకు బాగా అర్థమైంది. ఆమె ముఖంలో కోపం అలాగే ఉంది, కాని దాని కింద రంగు మారింది. కొంగుతో చేతులకంటిన తంబాకు తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"చెప్పులేసుకో," అంది.

"అత్తమ్మా..."

"బీపీ జూపిచ్చుకొని వద్దాం. తిట్టుడు తర్వాత తిడ్త, అది యాడికి పోదు."

"నేను తోల్కపోత, బండి తీస్త," అని వినాయక్ ముందుకు వచ్చాడు. తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఇప్పుడు అతనిలో చాలా తొందర కనిపించింది.

నర్సమ్మ అతన్ని ఆపలేదు. కోడలి వైపే చూస్తోంది. డాక్టరు చివరగా అడిగిన మాట ఆమెలో ఎక్కడో దిగబడినట్టుంది.

"నిజం జెప్పు పోరీ. వీడు వద్దన్నడా?"

వినాయక్ చేతులు జేబులోనే ఆగిపోయాయి. అతని కళ్లు బతిమాలుతున్నాయి. ఇంటికొచ్చినంక మాట్లాడుకుందాం, ఇప్పుడొద్దు అంటున్నాయి. ఆ కళ్ల భాష మగ్గాల మధ్య నేర్చుకున్నదే కాబట్టి ప్రియాంకకు ప్రతి అక్షరమూ అందింది.

"నేను జెప్తె నమ్ముతవా అత్తమ్మా?"

నర్సమ్మ చూపు కొడుకు వైపు పోయింది.

"నమ్మవు. కొడుకు మాట ఇనంగనే నమ్మినవు. అందుకె ఆయననే జెప్పనియ్యి." ప్రియాంక మగ్గం చట్రం పట్టుకుని నిలబడింది. "రిక్షాల నాతోని ఏమన్నడో ఆయన నోటితోనే జెప్పాలె. నువ్వు ఇనాలె, నేను ఇనాలె. అంతదాంక ఈ గడప దాట."

"పిచ్చిదానివా? ఆ డాక్టర్ ఏమన్నదో ఇనలేదా? యాడన్న పడ్తవే!"

"పడ్త. ఇక్కడనే పడ్త."

బయట తలుపు మీద పద్మ వేళ్ల చప్పుడు. "అక్కా, మంచిగున్నరా అందరు? మంచినీళ్లేమన్న తేవాల్నా?" ఆ వెనక ఇంకా ఎవరెవరివో కాళ్ల అలికిడి. సాంచాలు ఆగిన వాడా అంతా తలుపు అవతల ఊపిరి పీలుస్తోంది. చెప్పిన మాట ఇప్పుడు ఏదైనా సరే, అందరికీ వినపడుతుంది.

నర్సమ్మ తలుపు తీయలేదు. కొడుకు వైపు తిరిగింది.

"చెప్పు మరి," అంది. "పోరి కాళ్లు వణుకుతున్నయ్, జెల్ది చెప్పు."

వినాయక్ జేబుల్లోంచి చేతులు తీశాడు. తలుపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఉన్న ఆ కొద్ది చోటులో, చిన్నప్పుడు మగ్గం తగిలి వేలు చితికినప్పుడు పిలిచినట్టే పిలిచాడు.

"అమ్మా..."

అక్కడితో ఆగాడు. ప్రియాంక మగ్గం చట్రం వదల్లేదు.